గాలి పరీక్ష

డైరీ ఫార్మ్ అనే పేటలో డాక్టర్ గణేశ్వరరావు గారి క్లినిక్ ఎక్కడని అడిగితే ఎవరూ దారి చెప్పరు, వెంట వచ్చి గుమ్మం దాకా దిగబెట్టి వెళ్తారు. అరవైకి దగ్గరపడిన మనిషి. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, అండమాన్ ద్వీపాల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో. తాత శ్రీకాకుళం తీరం నుంచి వల భుజాన వేసుకుని ఓడెక్కి వచ్చాడు, తండ్రి హార్బర్‌లో గుమాస్తాగా రిటైరయ్యాడు, మూడో తరానికి ఈయన డాక్టరయ్యాడు. జ్వరాలు, దగ్గులు, పిల్లల కడుపునొప్పులు, పెద్దల బీపీలు, ఇదీ ఆయన రాజ్యం. హస్తవాసి మంచిదని ఊరంతా అంటుంది. ఆ హస్తం ఈ మధ్య వణుకుతోందన్న సంగతి మాత్రం ఊరికి తెలియదు. ఆయనకు తెలుసు, ఆయన భార్య కనకలక్ష్మికి తెలుసు.

వణుకు జబ్బువల్ల వచ్చింది కాదు. రెన్యువల్ వల్ల వచ్చింది.

డాక్టరు పట్టా ఒకసారి పుచ్చుకుంటే చచ్చేదాకా చెల్లుతుందని మనం అనుకుంటాం. గణేశ్వరరావు గారు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. ఆయన పేరు నమోదై ఉన్నది మెయిన్‌ల్యాండ్‌లో, తను చదువుకున్న రాష్ట్రపు మెడికల్ కౌన్సిల్లో. అక్కడివాళ్లు అయిదేళ్లకోసారి, వైద్యం మారిపోతోంది, మీరు మారుతున్నారా, అని అడుగుతారు. మారుతున్నానని నోటితో అంటే చాలదు. సదస్సులకు వెళ్లి, పాఠాలు విని, గంటలు పోగేసుకుని చూపించాలి. ఆ గంటలకే క్రెడిట్లని పేరు. అవి చాలకపోతే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. రిజిస్ట్రేషన్ ఆగితే క్లినిక్ తలుపు మూసుకోవాలి.

గంటల విషయంలో ఆయనకు మొదట బెంగ లేదు. లంబాలైన్‌లోని వాళ్లింట్లో ఓ బీరువా అర నిండా సర్టిఫికెట్లున్నాయి, బంగారు అంచులతో, ఎంబ్లమ్‌లతో. అవన్నీ ఓ ఆదివారం కౌన్సిల్ వారి వెబ్‌సైటులో ఎక్కించబోతే అది ఒక్కొక్కటే తినడం, ఉమ్మేయడం మొదలుపెట్టింది. మర్నాడు ఫోను చేస్తే అవతల ఎవరో కుర్ర గొంతు, ఎంతో మర్యాదగా విషయం విప్పి చెప్పింది.

"సార్, వీటిల్లో చాలా వాటిల్లో మీరు ముఖ్య అతిథి. దీపం వెలిగించినవాళ్లకి గంటలు రావండి. పాఠం విన్నవాళ్లకే వస్తాయి."

గణేశ్వరరావు గారు ఫోను పెట్టేశారు. సంగతి నిజమే మరి. మనిషి పొడుగ్గా ఉంటాడు, తల ముగ్గుబుట్ట, ఫొటోలో నిండుగా పడతాడు. ఊళ్లో వైద్యానికి సంబంధించి ఏ సభ జరిగినా తెలుగు సంఘం ప్రెసిడెంటు పూర్ణచంద్ర గారు మొదట ఈయనకే ఫోను చేస్తారు. ఈయన వెళ్తారు, వత్తి వెలిగిస్తారు, శాలువా కప్పించుకుంటారు, మొదటి ఉపన్యాసం మొదలయ్యే వేళకు పేషెంట్లు కూర్చున్నారంటూ మెల్లగా జారుకుంటారు. ఈ అయిదేళ్లలో ఆయన వెలిగించిన దీపాలకు లెక్కలేదు. విన్న పాఠాలు మాత్రం లెక్కకు బాగానే అందుతాయి.

తక్కువ పడ్డ గంటలు దాదాపు సగం. గడువు నెలాఖరు. కంప్యూటర్‌లో క్లాసులు వినబోతే వానాకాలపు నెట్టు అరగంటకోసారి మూర్ఛపోయేది. అది లేచిన సమయానికి ఈయన ఎవరి గొంతులోకో టార్చి వేసి చూస్తూ ఉండేవారు. అప్పుడే పూర్ణచంద్ర గారు మళ్లీ ఫోను చేశారు. ఊళ్లోనే రెండు రోజుల శిక్షణ జరగబోతోంది, ఆగిపోయిన గుండెను మళ్లీ ఆడించడమెలాగో నేర్పుతారు, ప్రారంభానికి తమరు రావాలి, దీపం...

"దీపం వద్దు పూర్ణచంద్ర గారూ, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టండి," అన్నారు గణేశ్వరరావు గారు.

గంటలు సరిగ్గా సరిపోతాయి. కాకపోతే ఓ మెలిక ఉంది. రెండోరోజు బొమ్మ మీద చేతులు పెట్టి, పరీక్షకుల ఎదుట చేసి చూపించాలి. నెగ్గితే గంటలు, లేకపోతే మధ్యాహ్నం భోజనం మాత్రం.

ఈ మాట విన్న దగ్గర్నుంచీ వణుకు మొదలైంది. ఎందుకంటే కిందటేడు గోల్ ఘర్ బజారులో ఓ ముచ్చట జరిగింది. చేపల బుట్టల పక్కన ఒకాయన దబ్బున పడిపోతే, డాక్టర్ సాబ్ వచ్చారు, జరగండి, జరగండి, అని జనం దారి ఇచ్చారు. ఈయన మోకాళ్ల మీద కూర్చుని అతని మణికట్టు పట్టుకున్నారు. నాడి దబదబా కొట్టుకుంటోంది. అది పడ్డవాడిదా, తన వేలి కొసదా అన్నది ఎంతకీ తేలలేదు. ఈలోగా పడ్డవాడు తనంతట తనే లేచి, ఉపవాసం భయ్యా, అని చెప్పి నిమ్మరసం కొట్టువైపు వెళ్లిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు డాక్టర్ గారు ముట్టుకోగానే లేచాడని చెప్పుకున్నారు. గణేశ్వరరావు గారు ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. వాడు లేవకపోయి ఉంటే తనేం చేసేవాడు? ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కి ఎన్నేళ్లయింది? ఈ ప్రశ్న కౌన్సిల్ కన్నా ముందు ఆయనే తనను అడిగేసుకున్నారు, జవాబు రాసుకోలేదు.

అందుకని వారం రోజులు సావిట్లో దిండు పరిచి సాధన చేశారు. కనకలక్ష్మి గారు స్కూల్లో తెలుగు టీచరు. పిల్లల చేత పద్యాలు చెప్పించినట్టు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన ముప్పైసార్లు నొక్కాలి, ఆపి, "గాలి" అనాలి. ఆవిడ దిండు మీదికి వంగి రెండుసార్లు ఉఫ్ ఉఫ్ మనాలి. మళ్లీ ముప్పై. లంబాలైన్ ఎయిర్‌పోర్టు పక్కనే కావడంతో, నెత్తిమీద విమానం దిగుతుంటే ఆయన లెక్క తప్పేవారు.

"విమానం గుండె కాదండీ, దిండు గుండె చూసుకోండి," అనేవారావిడ.

క్లినిక్‌లోనూ గుట్టు దాగలేదు. బీపీ చూపించుకోవడానికి వచ్చే యర్రమ్మ, టేబుల్ మీది పుస్తకంలో ఛాతీ బొమ్మ చూసి ఏటని అడిగింది. పరీక్షకు చదువుతున్నానని చెప్పక తప్పలేదు.

"ఈ వొయసులో పరీచ్చలేటి బాబూ. తప్పితే ఏటవుద్ది?"

"బోర్డు తీసేయాలి యర్రమ్మా."

యర్రమ్మ కాసేపు ఆలోచించి, బోర్డు చదవడం తనకెలాగూ రాదు కాబట్టి ఎప్పట్లాగే వస్తానని భరోసా ఇచ్చింది. ఆ భరోసాతో ఆయన గుండె ఇంకాస్త కిందికి జారింది.

శిక్షణ మొదటిరోజు హాల్లో అడుగుపెట్టగానే రెండో దెబ్బ తగిలింది. నేర్పడానికీ, పరీక్ష పెట్టడానికీ విశాఖపట్నం నుంచి వచ్చిన మత్తు డాక్టరు ఎవరో కాదు, లంబాలైన్‌లో వాళ్ల వెనక వీధి సింధూరి. చిన్నప్పుడు ముక్కులో చింతగింజ పెట్టుకుంటే తీసింది ఈయనే. ఆ రోజుల్లో ఈయన్ని చూడగానే సూది అంకుల్ అంటూ మంచం కింద దూరేది. ఇప్పుడు ఎదురొచ్చి నమస్కారం పెట్టి, బాగున్నారా అంకుల్, ఆంటీ ఎలా ఉన్నారు, అని ఆప్యాయంగా పలకరించి, పాఠం మొదలవగానే సర్ లోకి మారిపోయింది. మంచం కింద దూరాలన్న కోరిక ఈసారి ఆయనకు కలిగింది.

సింధూరి ఆ రోజు ఒక నియమం గట్టిగా చెప్పింది. ప్రాణం నిలబెట్టే వేళ ఇద్దరు పనిచేస్తుంటే ఒకరు నాయకుడు. నాయకుడు చెప్పిన ఆజ్ఞను రెండోవాళ్లు నోటితో మళ్లీ అని, అప్పుడు చెయ్యాలి. విన్నానో లేదోనన్న అనుమానం మిగలకూడదు. నాయకుడు ఏది చెబితే అది. మధ్యలో చర్చ లేదు.

రెండోరోజు పొద్దున్న చీటీలు తీస్తే గణేశ్వరరావు గారికి జోడీగా సిస్టర్ ఎస్తేర్ టొప్పో వచ్చింది. రాంచీ నుంచి వచ్చి ద్వీపంలో స్థిరపడ్డవాళ్ల కుటుంబం, యాభై దాటిన నర్సు. నెమ్మదైన మనిషి, ఆదివారం చర్చి తప్పనిది, గొంతెత్తి మాట్లాడటం ఎవరూ విననిది. గణేశ్వరరావు గారు నాయకుడు. నొక్కడం ఆయన పని. బొమ్మ ముఖానికి తొడుగు బిగించి, దానికున్న రబ్బరు సంచి పిసికి ఊపిరి పంపడం ఎస్తేర్ దీదీ పని.

పేరు పిలిచారు. బొమ్మ నేలమీద నోరు తెరుచుకుని పడి ఉంది. అచ్చం గోల్ ఘర్ మనిషిలాగే ఉందనిపించింది ఆయనకు. మోకాళ్ల మీద కూర్చున్నారు, చేతులు పెట్టారు, నొక్కడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. దిండు కన్నా గట్టిగా ఉంది. చెమట కళ్లలోకి దిగుతోంది. వెనక కుర్చీల్లో ఊళ్లోని డాక్టర్లంతా ఉన్నారు, పూర్ణచంద్ర గారున్నారు, ముందు చేతులు కట్టుకుని సింధూరి ఉంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై.

ఇక్కడ ద్వీపపు తెలుగు గురించి ఓ మాట చెప్పాలి. తెలుగు మాటకు హిందీ తోక తగిలించడం ఇక్కడ ఇంటింటా ఉన్నదే. వాన వస్తోందనడానికి వాన ఆ రహా అంటారు, అన్నం తిన్నాననడానికి అన్నం ఖాలియా అంటారు. కనకలక్ష్మి గారు స్కూల్లో దీనికే పిల్లల చెవులు మెలిపెడుతుంటారు. ఆవిడ భర్త చెవి మాత్రం ఎవరూ మెలిపెట్టలేదు. వారం రోజులుగా దిండు ముందు అలవాటైన మాట నాలిక చివరే ఉంది, ఎదురుగా ఉన్నది హిందీ మనిషి. రెండూ కలిసి ఊడిపడ్డాయి.

"గాలీ దో," అన్నారు గణేశ్వరరావు గారు.

ఎస్తేర్ దీదీ సంచి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

"గాలీ, సర్?"

"హాఁ, హాఁ. గాలీ దో. జల్దీ."

ఆజ్ఞ రెండుసార్లు వచ్చింది. చర్చ లేదు. ఆవిడ సంచి పక్కన పెట్టింది. "జీ సర్. గాలీ దే రహీ హూఁ," అని నియమం ప్రకారం పైకి చెప్పి, బొమ్మ చెవి దగ్గరికి వంగి, ఎంతో మొహమాటంగా, "నాలాయక్," అంది.

మనకు గాలి అంటే ఊపిరి. హిందీవాళ్లకు గాలీ అంటే తిట్టు. ఈ తేడా గణేశ్వరరావు గారికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ క్షణంలో మాత్రం తెలియదు. ఆయన చూపంతా బొమ్మ ఛాతీ మీదుంది. అది లేవడం లేదు. ఊపిరి చాలలేదు కాబోలనుకున్నారు.

"ఔర్ జోర్ సే," అన్నారు, ఇంకా గట్టిగా అని.

పాపం, ఎస్తేర్ దీదీ కళ్లు మూసుకుంది. తన జీవితంలో పోగేసుకున్న దుర్భాషలన్నీ వెతుక్కుంది. అవి ఎక్కువ లేవు. "కామ్‌చోర్," అంది గొంతు పెంచి. "నిఖట్టూ. ఉఠ్ యహాఁ సే."

పనిదొంగా, దండగమారీ, లే ఇక్కణ్ణించి, అని ఆవిడ అంటుంటే వెనక కుర్చీల్లో ఎవరో దగ్గారు. ఆ దగ్గు కుర్చీ నుంచి కుర్చీకి అంటుకుంది. గణేశ్వరరావు గారికి అప్పుడు తెలిసింది తన నోట్లోంచి ఏం వచ్చిందో. చేతులు బొమ్మ మీద ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి, చెవులు మాత్రం కాలిపోయాయి.

సింధూరి పెదవులు బిగబట్టి కాగితంలోకి చూస్తూ నిలబడింది. ఆ గదిలో రెండు భాషల్లోనూ సంగతి అర్థమైనవాళ్లు చాలామందే ఉన్నా, నవ్వకూడనిది ఆవిడ ఒక్కతే.

"నొక్కడం బాగుంది సర్. లోతు సరిపోయింది. కానీ పేషెంటుకి గాలి అందలేదు." కాగితంలో ఏదో రాసుకుంది. "తిట్లు అందాయి. భోజనాలయ్యాక ఇంకోసారి చూస్తాను. ఒక్కసారే సర్, ఆపైన వీల్లేదు."

భోజనాల దగ్గర ఆయన ఓ మూల గోడవైపు తిరిగి నిలబడ్డారు. పూర్ణచంద్ర గారు ప్లేటుతో సహా వెతుక్కుంటూ వచ్చి, ఏం బెంగపెట్టుకోవద్దన్నారు. ఆ అమ్మాయి నాన్న మనవాడే, చిటికెలో మాట్లాడేస్తాను, పెద్దవారు, మీకేమిటి ఈ బొమ్మలాట, అన్నారు.

నిజం చెప్పాలంటే అప్పడం ఒకటి నమిలేంత సేపు గణేశ్వరరావు గారు ఊగిసలాడారు. గంటలు వస్తాయి. రెన్యువల్ అవుతుంది. బోర్డు ఉంటుంది. ఈ హాలు గుమ్మం దాటేయొచ్చు. కానీ కళ్లముందు చేపల బుట్టల పక్కన ఆ మణికట్టు మెదిలింది. ఎవరి నాడో తేలకుండా దబదబా కొట్టుకున్న ఆ నాడి.

"వద్దండీ," అన్నారు. "ఆ బొమ్మ ఛాతీ లేవాలి. లేవడం నేను చూడాలి."

పూర్ణచంద్ర గారికి ఇది అర్థం కాలేదు. పెరుగు వడ్డించుకోవడానికి వెళ్లిపోయారు.

కనకలక్ష్మి గారికి ఫోను చేసి జరిగింది చెబితే ఆవిడ ఫోను పక్కన పెట్టి నవ్వుకుని వచ్చారని ఆయనకు తెలుస్తూనే ఉంది. ఇంతకీ ఏమనాలని ఆయన అడిగారు. సాఁస్ అనమన్నారావిడ, ఊపిరికి హిందీ మాట అదే కదా అని. ఆయన పలికి వినిపించారు.

"ముక్కుతో అనండి. ముక్కు వదిలేస్తే అత్తగారవుతుంది," అన్నారావిడ. "ఇందాక తిట్టించారు. ఇప్పుడు మా అమ్మని పిలిపించకండి."

దాంతో ఉన్న ధైర్యం కూడా పోయింది. ముక్కు ఎక్కడ పడుతుందో చూసుకుంటూ, సాఁస్, సాస్, అని గోడతో గొణుక్కుంటుంటే వెనక ఎస్తేర్ దీదీ వచ్చి నిలబడింది. ముఖం చిన్నబోయి ఉంది. తనవల్లే డాక్టర్ సాబ్‌కు అవమానం జరిగిందని ఆవిడ బాధ.

"హర్ పాంచ్ సాల్ మే నయా నియమ్ ఆతా హై, సర్," అంది. అయిదేళ్లకోసారి పద్ధతులు మారుతూనే ఉంటాయి కదా. ఒకప్పుడు ఊపిరి ముందన్నారు, తర్వాత నొక్కడం ముందన్నారు. ఇప్పుడు తిట్టడం కూడా చేర్చారేమో అనుకున్నానంది.

గణేశ్వరరావు గారికి ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వొచ్చింది. తెలుగులో గాలి అంటే హవా అనీ, సాఁస్ అనీ, తన నాలికే దారి తప్పిందనీ చెప్పారు. ఆవిడ తల ఊపింది. గాలి, గాలి, అని రెండుసార్లు మెల్లగా అనుకుని, చర్చిలో అడగాల్సిన క్షమాపణ ఒకటి తగ్గినట్టు తేలికపడి వెళ్లిపోయింది.

రెండోసారి పిలిచారు. ఈసారి కుర్చీలు పొద్దుటి కన్నా నిండుగా ఉన్నాయి. భోజనం చేసి వెళ్లిపోవాల్సినవాళ్లు కూడా ఆగారు. గణేశ్వరరావు గారు కూర్చున్నారు, నొక్కారు, లెక్కపెట్టారు. ఇరవై దాటేసరికి భుజాలు నొప్పెక్కాయి. మనసులో ముక్కు, ముక్కు, అని ఒకటే గోల. ముప్పై అన్నారు, ఆపారు, నోరు తెరిచారు.

మాట రాలేదు. సాఁస్ లేదు, సాస్ లేదు, హిందీ లేదు. బొమ్మ తెరిచిన నోటికీ ఆయన తెరిచిన నోటికీ తేడా లేదు. సింధూరి చేతిలో కలం కదిలింది. ఇంకో క్షణమైతే అయిపోయేది. ఎక్కడో అడుగున ఉన్నదొక్కటే తన్నుకుని పైకి వచ్చింది.

"గాలి," అన్నారు.

వెనక కుర్చీల్లోవాళ్లు మెడలు చాపారు.

ఎస్తేర్ దీదీ చెయ్యి అప్పటికే సంచి మీదుంది. "జీ సర్," అంది స్పష్టంగా, అందరికీ వినబడేలా. "ఆప్‌వాలీ గాలి. దే రహీ హూఁ."

మీ రకం గాలి, ఇస్తున్నాను. ఆవిడ సంచి పిసికింది. బొమ్మ ఛాతీ మెల్లగా లేచింది, దిగింది. మళ్లీ లేచింది, దిగింది. గణేశ్వరరావు గారు దాన్ని చూస్తూ ఉండిపోయేవారే, ఆవిడ కళ్లతో సైగ చేయబట్టి మళ్లీ నొక్కడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చేతులు వణకలేదు. సింధూరి ఇక చాలు సర్ అన్నా ఆగకపోతే, భుజం తట్టి, చాలు అంకుల్, బతికాడు, అని ఆపాల్సి వచ్చింది.

సాయంత్రానికి వార్త ఊరు దాటింది. మూడోరోజుకు డైరీ ఫార్మ్ ఆటోవాళ్లు గాలీవాలే డాక్టర్ క్లినిక్ అంటే చాలు, తీసుకెళ్తున్నారు. రెన్యువల్ మాత్రం అంత తొందరగా రాలేదు. సర్టిఫికెట్ ఎక్కించారు, వెబ్‌సైటు దాన్ని ఉమ్మకుండా లోపల ఉంచుకుంది, అంతే. గడువు దగ్గరపడే కొద్దీ ఆయన ఫోను తీసి చూడటం, పెట్టడం, మళ్లీ తీయడం. కౌన్సిల్‌కు ఫోను చేయబోయి, ఆ మర్యాదైన గొంతు మళ్లీ ఏం చెబుతుందోనని మానుకోవడం. పేషెంటు నాలిక చాపమంటే చాపి, ముయ్యమనేదాకా చాపుకునే కూర్చునేవాడు.

అలాంటి ఒక పూట, యర్రమ్మ ఎదుట కూర్చుని ఉండగా ఫోను గుర్రుమంది. ఆయన చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లకు పొడిగించారు.

"పరీచ్చ ఏటయింది బాబూ?" అంది యర్రమ్మ.

నెగ్గానని చెబితే, సంబరపడి, చెయ్యి ముందుకు చాపింది. గణేశ్వరరావు గారు ఆ మణికట్టు పట్టుకున్నారు. బీపీ మిషను పక్కనే ఉన్నా దాని జోలికి పోలేదు. వేళ్లు కాస్త జరిపి, కళ్లు మూసుకుని, మామూలుగా పట్టుకునే దానికన్నా చాలా సేపు పట్టుకున్నారు. యర్రమ్మకు అనుమానం వచ్చింది.

"ఏటి బాబూ, నాడి ఉందా?"

"ఉంది," అన్నారాయన. "మీదే."